ఏడు టేబుళ్ళ సాల్సా

మా మునిసిపల్ ఆఫీసులో సాల్సా డ్యాన్సు మొదలెట్టింది ప్రజల మేలు కోసమేనండి. ఈ ముక్క ముందే ఎందుకు చెబుతున్నానంటే, పోనుపోను మీకు అనుమానం రావచ్చు.

అప్పటికి కమిషనర్ ప్రభంజన్ గారు కొత్తగా వచ్చారు. కుర్రాయన. జట్టుగా పని చెయ్యడం ఎలాగో నేర్చుకోమని ఆయన్ని అంతకుముందే ఎక్కడికో విదేశానికి పదిహేను రోజులు ట్రైనింగుకి పంపారట. పద్నాలుగు రోజులు పాఠాలు చెప్పి, పదిహేనో రోజు సాయంత్రం అందరిచేతా సాల్సా ఆడించారట. పాఠాల్లో ఒక్కటీ గుర్తులేదు గానీ సాల్సా మాత్రం పట్టుకుపోయింది ఆయన్ని. మా దగ్గర చేరిన మర్నాడు ఆఫీసంతా కలయదిరిగారు. మంచినీళ్ళ సీసా పట్టుకుని వెనకాల నేను. అటెండర్ని కదా.

"గవర్రాజు గారూ, వీళ్ళు అసలు లేస్తారా?" అనడిగారు.

"ఎందుకు లేవరండీ, ఐదింటికల్లా లేస్తారు."

ఆయన నవ్వలేదు. వారం తిరక్కుండా సర్క్యులర్ దిగింది. "విషయం: సిబ్బంది ఆరోగ్యము మరియు జట్టు స్ఫూర్తి – సాల్సా నృత్యము నేర్చుకొనుట – ఉత్తర్వులు జారీ చేయుట – గురించి." రోజూ మూడు నుంచి నాలుగు దాకా కౌన్సిల్ హాల్లో క్లాసు. రాకపోతే సగం రోజు సెలవు కట్. నేను ఏడో తరగతి రెండుసార్లు చదివినవాణ్ణి, రెండోసారి ఇష్టంతో. అయినా నోటీసుబోర్డుకి అంటించేటప్పుడు ఆ కాగితాన్ని మూడుసార్లు చదువుకున్నాను.

ఆ కాగితం చూసి బెదరని మనిషి ఒక్కరే, సూపరింటెండెంట్ విశ్వపతి గారు. ముప్పయ్యారేళ్ళ సర్వీసు. ఇంకో రెణ్ణెల్లలో రిటైర్‌మెంటు. ఆయన సంతకం లేకుండా మా ఆఫీసులో ఫ్యాను రెక్క కూడా తిరగదు. సంతకం పడ్డాక తిరుగుతుందని కాదు, పడకపోతే మాత్రం తిరగదు.

క్లాసు చెప్పడానికి కెజియా అని ఒకమ్మాయి వచ్చింది. చిన్న మనిషి, చేతిలో చిన్న స్పీకరు, గొంతు మాత్రం రైల్వేస్టేషనంత.

"సార్, మేడమ్, చాలా ఈజీ! ఒకటి రెండు మూడు, ముందుకి. నాలుగు, ఆగాలి. ఐదు ఆరు ఏడు, వెనక్కి. ఎనిమిది, ఆగాలి. అంతే సాల్సా!"

విశ్వపతి గారు చెయ్యెత్తారు. "అమ్మా, వెనక్కి అనే దానికి రూల్ పొజిషన్ ఏంటి?"

"రూలేం లేదు సార్, స్టెప్పంతే."

"ఆఫీసంటూ ఒక అడుగు ముందుకేశాక, దాన్ని వెనక్కి తీసుకునే అధికారం అప్పిలేట్ అథారిటీకే ఉంటుంది. నేను తీసుకోకూడదు."

తీసుకోలేదు కూడానండి. కెజియా ఐదంటే ఆయన ముందుకే, ఆరన్నా ముందుకే. జంటగా దొరికిన టైపిస్టు పాపం వెనక్కి వెనక్కి నడుస్తూ హాలు దాటింది, వరండా దాటింది. పాట అయిపోయేసరికి ఇద్దరూ రికార్డు రూములో తేలారు. "ఎలా ఉందండీ డ్యాన్సు?" అని నేను తలుపు దగ్గర నుంచి అడిగితే, "ప్రోగ్రెస్ బాగుంది" అన్నారు.

రెండో రోజు చెయ్యి పట్టుకునే సమస్య వచ్చింది. సాల్సా జంటగా ఆడాలి, చేతులు కలపాలి. చేతులు కలపడం ప్రవర్తనా నియమావళిలో లేదన్నారు విశ్వపతి గారు. మీటింగ్ పెట్టారు. నిర్ణయం ఏంటంటే, జంటలో ఇద్దరి మధ్యా ఒక ఫైలు. ఈయన ఈ చివర పట్టుకోవాలి, ఆవిడ ఆ చివర పట్టుకోవాలి. చెయ్యికి చెయ్యి తగలదు, ప్రభుత్వానికి మచ్చ రాదు. కొత్త ఫైళ్ళు కావాలంటే స్టేషనరీకి ఇండెంటు పెట్టి మూణ్ణెల్లు ఆగాలి గనక, బీరువాల్లో పెండింగులో ఉన్నవే పట్టుకోమన్నారు. వాటికి లోటేముందండి.

మూడో రోజు జంటలు మార్చమంది కెజియా. గ్రూపు క్లాసంటే అంతేనట. కాసేపు ఒకరితో ఆడాక "మారండి!" అంటుంది, పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోవాలి. ఎవరు కదలాలి, ఎవరు నిలబడాలి? పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ దగ్గరికి నడిచెళ్తే హోదా ఏం కాను? అందుకని ఏడు టేబుళ్ళవాళ్ళూ సీనియారిటీ ప్రకారం గుండ్రంగా నిలబడాలన్నారు. ఇన్‌వర్డు గుమాస్తా, లైసెన్సు గుమాస్తా, శానిటరీ ఇన్‌స్పెక్టరు, టౌన్ ప్లానింగు, రెవెన్యూ, సూపరింటెండెంటు, చివర కమిషనరు. మిగతా సిబ్బంది చేతిలో ఫైలు పట్టుకుని కింద నుంచి పైకి ఒక్కొక్కరి దగ్గరికీ తిరుగుతూ వెళ్ళాలి.

ఇంకా అయిపోలేదండి. నాలుగూ ఎనిమిదీ లెక్కలకి ఆగాలి కదా. విశ్వపతి గారు కాగితం పెన్సిలు పెట్టి లెక్కేశారు. ఎనిమిదింట రెండు ఖాళీ. గంటలో పదిహేను నిమిషాలు ప్రభుత్వ సమయం ఊరికే నిలబడుతోంది. రేపు ఆడిట్‌వాళ్ళు రాస్తే ఎవరిది బాధ్యత? వెంటనే ఆర్డరు రాశారు: "నాలుగు మరియు ఎనిమిది లెక్కలయందు సిబ్బంది ఖాళీగా నిలబడక, చేతనున్న ఫైలుపై సంతకము చేయవలెను."

అప్పట్నుంచి ఎవరేం పట్టుకున్నారో చూడకుండా నాలుక్కొకటి, ఎనిమిదికొకటి సంతకాలు పడిపోయేవి. పంతొమ్మిది వందల తొంభై రెండులో చచ్చిపోయిన పందుల ఫైలు మీద కూడా మూడు కొత్త సంతకాలు పడ్డాయి. చదవడానికి టైమేదండి? నాలుగు దాటితే ఐదొచ్చేస్తుంది.

ఇహ నూకరత్నం సంగతి చెప్పాలి. వరసకి నాకు మరదలు. ఆఫీసు గేటు ముందు పద్దెనిమిదేళ్ళుగా మిరపకాయ బజ్జీల బండి. ఆఫీసుకి వంద గజాల్లోపు ఉన్న బళ్ళన్నిటికీ లైసెన్సు ఉండాలని పోయినేడాది రూలొచ్చింది. వచ్చిన రోజే దరఖాస్తు పెట్టింది. పద్నాలుగు నెలలయింది. ఆ ఫైలు ఏడు టేబుళ్ళెక్కాలి. విశ్వపతి గారి టేబుల్ దాకా వెళ్ళడం, ఒక కొర్రీతో కిందకి దొర్లడం, ఇదే వరస. మొదటిసారి, "బండికి చక్రములున్నందున స్థిరమైన చిరునామా లేదు" అని రాశారు. పాపం చక్రాలు ఊడదీయించి ఇటికల మీద నిలబెట్టింది. రెండోసారి, "చక్రములు లేనందున ఇది బండి కాదు" అని రాశారు. మళ్ళీ బిగించింది. మూడోసారి పైకెక్కిన ఫైలు ఆయన బీరువాలోనే ఉండిపోయింది.

ఒక గురువారం మధ్యాహ్నం నేను మా వాళ్ళకి బజ్జీల పార్సిలు కట్టించుకుందామని వెళ్తే, పిండి కలపకుండా కూర్చునుంది.

"ఏంటి రత్నం, పొయ్యి వెలిగించలేదు?"

"రేపు పదింటికి లారీ వస్తాదంట బావా. లైసెన్సు లేని బళ్ళు ఎత్తుకుపోతారంట. కాగితం ఇచ్చి పోయాడు."

"పైకెళ్ళి అడిగావా?"

"ఎవర్నడగను? రెండింటికెళ్తే సాల్సాకి తయారవుతున్నారన్నారు. మూడింటికెళ్తే ఆడతన్నారన్నారు. నాలుగింటికెళ్తే ఆయాసం తీర్చుకుంటన్నారు. నా బజ్జీలు తిని నా బండి మీదే ఎగురుతున్నారు బావా మీ వాళ్ళు!" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఈ బండి పోతే నేనేం చెయ్యాల? యాభై దాటాక కొత్త పని ఎవడిస్తాడు?"

మామూలుగా అయితే ఏదో ఒక ఎకసెక్కం ఆడేవాణ్ణి. ఆ రోజు పార్సిలు లేకుండా వెనక్కొచ్చాను. అప్పుడే మెట్ల మీద జూనియర్ అసిస్టెంటు బుల్లెమ్మాయి ఎదురొచ్చింది, కుంటుకుంటూ. "బాబాయ్, నిన్న తిరగమంటే తిరిగాను, మడమ బెణికింది. ఇంటికి పోతున్నా. క్లాసులో నా ఖాళీ ఎవరు చూస్తారో ఏంటో. ఖాళీ ఉంచితే విశ్వపతి గారు మెమో ఇస్తారు."

"నీ మెళ్ళో కార్డు ఇలా ఇచ్చెళ్ళవే తల్లీ, నేను చూసుకుంటా" అన్నాను.

పది నిమిషాల్లో రత్నాన్ని వెనక గుమ్మం నుంచి లాక్కొచ్చాను. "నాకు డ్యాన్సేంటి బావా, మతి పోయిందా!" అని తిడుతూనే వచ్చింది. రావడం సరే, ఎవరైనా గుర్తుపడితే? అదేం లేదండి. మా ఆఫీసులో పద్దెనిమిదేళ్ళుగా ఆవిడ బజ్జీలు తెలుసు గానీ ఆవిడ మొహం తెలీదు. పార్సిలు తెచ్చేది నేనే కదా. పైగా మావాళ్ళు మొహాలు చూడరు, మెళ్ళో కార్డు తాడు చూస్తారు. బుల్లెమ్మాయి కార్డు ఆవిడ మెళ్ళో వేసి, విశ్వపతి గారి బీరువాలోంచి ఆవిడ ఫైలు తీసి చేతిలో పెట్టాను.

"దీన్ని వదలకు. కెజియా మారండి అంటే మారు. నాలుక్కి, ఎనిమిదికి ఆగు. అంతే."

"ఆగడం నాకొచ్చులే బావా. పద్నాలుగు నెలలు అదే చేశాను."

పాట మొదలైంది. ఒకటి రెండు మూడు. ఇన్‌వర్డు గుమాస్తా ఫైలు ఆ చివర పట్టుకున్నాడు. నాలుగు! సంతకం పడింది. "మారండి!" లైసెన్సు గుమాస్తా. ఈయన మామూలు రోజుల్లో ఏ ఫైలు చూసినా "చర్చించవలెను" అని రాస్తాడు. అంత పొడుగు మాట రాయాలంటే కనీసం ఇరవై లెక్కలు కావాలి. ఉన్నది ఒకటి. గీత గీసి వదిలేశాడు. "మారండి!" శానిటరీ ఇన్‌స్పెక్టరుకి నూనె వాసన తగిలినట్టుంది, "ఆకలేస్తోందేంటి ఉన్నట్టుండి" అంటూనే పెట్టాడు. టౌన్ ప్లానింగు ఆయన కళ్ళు మూసుకుని తన్మయంగా ఊగుతున్నాడు, పెన్ను దానంతటదే తిరిగింది. రెవెన్యూ మేడమ్ ఎనిమిదికి పెట్టి, "స్టెప్పు బాగా వేస్తున్నావమ్మా బుల్లెమ్మాయ్, కాస్త ఒళ్ళు చేశావ్" అంది.

"మారండి!"

ఆరో టేబులు. విశ్వపతి గారు.

ఆయన ఫైలు ఆ చివర పట్టుకుని ఒకటన్నారు, రెండన్నారు. మూడో లెక్కకి కళ్ళు ఫైలు మీది నంబరు మీద పడ్డాయి. మనుషుల్ని మర్చిపోతారు గానీ నంబర్లు మర్చిపోరాయన. మొహం ఎర్రబడింది.

"ఇది నా బీరువాలో ఉండాల్సింది."

"ఉంది కదండీ పద్నాలుగు నెలలు. విసుగెత్తి తిరగడానికొచ్చింది" అంది రత్నం.

ఆయన ఫైలు తన వైపుకి లాగారు. ఆవిడ తన వైపుకి లాగింది. ఆయన అలవాటు చొప్పున ముందుకి తోశారు. ఇన్నాళ్ళూ ఎదురున్నవాళ్ళందరూ వెనక్కి నడిచారు కదా. ఇవి పద్దెనిమిదేళ్ళు పొయ్యి దగ్గర నిలబడ్డ కాళ్ళండి. అంగుళం కదల్లేదు. ఫైలు మధ్యలో బిగుసుకుపోయింది. ఇప్పుడాయన నోరు తెరిచి ఎవరీవిడ అంటే బండీ పోయింది, నా ఉద్యోగమూ పోయింది.

కెజియా చప్పట్లు కొట్టింది. "అదీ! అదీ టెన్షన్ అంటే! అందరూ చూడండి, మూడు వారాలుగా నేను చెబుతున్నది ఇదే! చేతులు వేలాడకూడదు, ఇలా బిగువుగా ఉండాలి!"

హాలంతా ఆగి చూసింది. పక్కనున్న కమిషనర్ గారు మురిసిపోయి ఫోను తీసి వీడియో పట్టారు. "విశ్వపతి గారూ, అద్భుతం! కానీ నాలుగు దాటిపోయింది, సంతకం పెట్టలేదేం? మీ ఆర్డరే కదా?"

విశ్వపతి గారు ఫోను వైపు చూశారు, ఫైలు వైపు చూశారు. సొంత ఆర్డరు తప్పడమంటే వెనకడుగే కదా. "ఎనిమిదికి పెడదామని, సర్" అన్నారు. కెజియా లెక్కపెట్టింది. హాలు మొత్తం గొంతు కలిపింది. ఐదు, ఆరు, ఏడు. ఎనిమిదికి పడింది.

"మారండి!"

ఏడో సంతకం కమిషనర్ గారిది. ఆయన నవ్వుతూ పెట్టారు.

మర్నాడు పదింటికి లారీ వచ్చింది. రత్నం లైసెన్సు కార్డు బండికి వేలాడదీసి, లారీవాళ్ళకి తలా రెండు బజ్జీలిచ్చి పంపింది. నేను కథ అక్కడితో కంచికెళ్ళిందనుకున్నాను. కానీ కమిషనర్ గారికి ఎలాగో తెలిసిపోయింది. ఎలాగో ఏంటి, సంతోషం పట్టలేక నేనే చెప్పాను. కోప్పడతారనుకుంటే కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"పద్నాలుగు నెలలు కదలని ఫైలు ఎన్ని నిమిషాల్లో కదిలింది?"

"ఒక పాటండి."

"విశ్వపతి గారిని పిలవండి!"

సాయంత్రానికి కొత్త ప్రొసీడింగ్స్. ఇకమీదట ఫైళ్ళన్నీ సాల్సాలోనే కదలాలి. దరఖాస్తుదారే స్వయంగా ఫైలు పట్టుకుని ఏడు టేబుళ్ళూ ఆడుకుంటూ రావాలి. జనన ధ్రువపత్రానికి బిగినర్ లెవెల్ చాలు. వ్యాపార లైసెన్సుకి ఇంటర్మీడియట్. ఇంటి ప్లానుకి మాత్రం అడ్వాన్సుడు, అంతస్తుకి ఒక చుట్టు చొప్పున తిరగాలి. ఆ లెవెల్ వచ్చినట్టు సర్టిఫికెట్ జతపరచాలి. ఈ షరతులన్నీ రాసింది విశ్వపతి గారే. చివర తన చేత్తో ఇంకో వాక్యం కలిపారు: "ఇందు ఎవరికిని, ఈ కార్యాలయ సిబ్బందికి సైతము, మినహాయింపు లేదు."

వారం రోజుల్లో మా ఆఫీసు చూడముచ్చటగా తయారైంది. చంటిపిల్లని ఎత్తుకున్న తండ్రులు ఒకటి రెండు మూడు. అయిదంతస్తుల ప్లాను కోసం వచ్చిన కాంట్రాక్టరు నాలుగో చుట్టులో కళ్ళు తిరిగి పడిపోతే, నాలుగంతస్తులకే శాంక్షన్ చేశారు. బయట జిరాక్సు షాపువాడు జిరాక్సు మానేసి అద్దె బూట్లు పెట్టాడు.

చిక్కు ఒక్కచోటే వచ్చింది. సాల్సా వచ్చినట్టు సర్టిఫికెట్ ఎవరివ్వాలి? మేమే ఇవ్వాలి. దానికీ ఫైలు నడవాలి. ఫైలు నడవాలంటే సాల్సా సర్టిఫికెట్ ఉండాలి. కమిషనర్ గారు రెండు రోజులు తల పట్టుకున్నారు. చివరికి విశ్వపతి గారే రూలు వెతికారు: ఈ రూలు రాకముందే ఏడు టేబుళ్ళు ఆడి గెలిచిన మనిషి ఊళ్ళో ఒక్కతే ఉంది గనక, ఆవిణ్ణి ఇంటర్మీడియట్‌గా గుర్తించి, సర్టిఫికెట్లిచ్చే అధికారం ఆవిడకే దఖలు పరచాలి.

అలా నూకరత్నం బజ్జీల బండి మా ఆఫీసుకి ఎనిమిదో టేబులయింది. పొద్దున్నే జనం వరస కడతారు. మూకుట్లో బజ్జీలు తిప్పుతూ లెక్కపెడుతుంది. అడుగు సరిగ్గా పడితే కాగితం మీద సంతకం, పడకపోతే "మళ్ళీ రా నాయనా."

ఆ రెణ్ణెల్లూ గడిచాయి. విశ్వపతి గారికి దండలేశారు, శాలువా కప్పారు, పంపించారు. పది రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం చూద్దును కదా, బజ్జీల వరసలో నిలబడున్నారు, చంకలో పెన్షన్ ఫైలు పెట్టుకుని.

"తమరేంటండీ ఇక్కడ?" అన్నాను.

"బిగినర్ కావాలటయ్యా గవర్రాజూ. సిబ్బందికి సైతం మినహాయింపు లేదట. అలా ఎవడు రాశాడో..." అంటూ ఆగిపోయారు.

"ఎవరో చెయ్యి తిరిగినవారేనండి."

ఆయన వంతొచ్చింది. రత్నం గరిటె పక్కన పెట్టింది. మొహంలో ఏమీ లేదు. "ఇటు రండి సూపర్నెంటు గారూ. బండికి ఎదురుగా నిలబడండి. ముందుకి, ఒకటి రెండు మూడు. నాలుగు, ఆగండి."

ఆయన ముందుకి వేశారు, ఆగారు. పొట్టకి జానెడు దూరంలో మూకుడు. నూనె సలసలా కాగుతోంది.

"ఇప్పుడు అయిదు" అంది రత్నం.

"అమ్మా, నేను సర్వీసులో ఎన్నడూ..."

"సర్వీసయిపోయిందిగా. అయిదు."

విశ్వపతి గారు నూనె వైపు చూశారు. ఎడమ పక్క చూస్తే వరస, కుడి పక్క చూస్తే నేను. నేను సాయం చెయ్యకపోగా పళ్ళికిలించాను. "రూల్ పొజిషన్..." అని మొదలెట్టారు. రత్నం ఒక బజ్జీ మూకుట్లో జారవిడిచింది. నూనె చిటపటమని ఎగిరింది.

ముప్పయ్యారేళ్ళ తర్వాత విశ్వపతి గారు ఒక అడుగు వెనక్కేశారు. వేశాక ఏమీ కాలేదని చూసుకుని రెండోదీ వేశారు. మూడోది కాస్త ఊపుతో వేశారు కూడాను.

"పాసేనా అమ్మా?" అనడిగారు, చిన్న గొంతుతో.

రత్నం కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "మీకిప్పుడు చక్రాల్లేవు కదండీ. చర్చించాలి. రేపు రండి."

ఆయన మొహం పాలిపోయింది. నాకే ఎందుకో నవ్వు ఆగిపోయింది.

అప్పుడావిడ ఎనిమిది అంది. అని, కొంగుకి చెయ్యి తుడుచుకుని, ఆ ఒక్క లెక్క దాటకుండా సంతకం పెట్టి ఇచ్చేసింది.